మా అత్తగారి పెదనాన్న పింఛను ఫైలు: నా అనుభవం

మా అత్తగారి పెదనాన్న ఐర్లండ్ స్వాతంత్ర్యం కోసం బ్రిటన్‌తో పోరాడిన ఐరిష్ వలంటీర్ల దళంలో చేరి, 1921 వసంతంలో, బ్రిటిష్ సైన్యంతో కాల్పుల విరమణ సంధి అమలులోకి వచ్చిన జూలై 11కి కొన్ని వారాల ముందు, కార్క్ కౌంటీలో జరిగిన కాల్పుల్లో ఇరవయ్యేళ్లకే చనిపోయారు. ఆయన తల్లికి ప్రభుత్వం ఒక్క పౌండు కూడా ఇవ్వలేదని ఆ ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఎనభై దాటిన మా అత్తగారు గత చలికాలంలో నన్ను కూర్చోబెట్టి, అది నిజమో కాదో తాను ఉండగానే తేల్చిపెట్టమని అడిగారు. ఆ కుటుంబానికి కోడలిగా డబ్లిన్ వచ్చిన ఇన్నేళ్లలో ఆవిడ నన్ను అడిగిన మొదటి పని అదే.

డబ్లిన్ నగరంలోని రాత్‌మైన్స్‌లో, కాహల్ బ్రూహా బ్యారక్స్‌లో ఉన్న మిలిటరీ ఆర్కైవ్స్, ఆనాటి పింఛను ఫైళ్లను 2014 నుంచి విడతలుగా ఆన్‌లైన్‌లో ఉచితంగా అందుబాటులో ఉంచుతోంది. నేను మొదట 1924, 1934 నాటి సైనిక సేవా పింఛను చట్టాల కింద వెతికి పది రోజులు పోగొట్టుకున్నాను. ఆ రెండూ పోరాటం తరువాత బతికి ఉన్నవారు తమ సేవాకాలాన్ని రుజువు చేసుకొని పొందిన పింఛన్లకు సంబంధించినవి. చనిపోయినవారి కుటుంబాలు దరఖాస్తు పెట్టుకోవలసింది 1923 సైనిక పింఛన్ల చట్టం కింద. సంధి తరువాత బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందాన్ని వ్యతిరేకించి, దాని మీద ఐరిష్ వారి మధ్యే సాగిన అంతర్యుద్ధంలో ప్రాణాలు కోల్పోయినవారి తల్లులూ భార్యలూ మాత్రం, ఆ ఒప్పందాన్ని వ్యతిరేకించిన నాయకుడు డి వలేరా ప్రభుత్వం వచ్చి 1932లో చట్టాన్ని విస్తరించేదాకా తొమ్మిదేళ్లు ఎదురుచూడవలసి వచ్చింది. ఆ పెదనాన్నగారు సంధికి ముందే పోయారు గనుక, ఆయన ఫైలు ‘1డి’తో మొదలయ్యే సంఖ్యల వరుసలో దొరికింది. చాలా ఐరిష్ ఇంటిపేర్లకు ఉన్నట్టే ఆయన ఇంటిపేరు ముందు ఉండవలసిన ‘ఓ’ అక్షరం లేకుండా నమోదు చేయడం వల్ల అంతవరకు అది నా కంటపడలేదు.

నేను యుద్ధగాథ చదవబోతున్నానని అనుకుంటూ ఫైలు తెరిచాను. యుద్ధం గురించి అందులో ఉన్నది ఒక్క పుటే, ఆయన సైనిక దళం కెప్టెన్ రాసిచ్చిన ధ్రువీకరణ. తక్కిన పుటలన్నిటా ఆవులు, ఎకరాలు, కూలి డబ్బులు. కొడుకు విధి నిర్వహణలో చనిపోయాడని తేలితే సరిపోదు, అతని సంపాదన మీద తల్లి ఎంతమేరకు ఆధారపడి బతికిందో కూడా అధికారులు తేల్చాలి. పూర్తిగా ఆధారపడినవారికి క్రమంగా అందే భత్యం, పాక్షికంగా ఆధారపడినవారికి ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకొనే మొత్తం. అందుకని కొడుకు క్రీమరీలో, అంటే పాలతో వెన్న తీసే కేంద్రంలో, పనిచేసి వారానికి ఎంత తెచ్చేవాడు, అందులో ఇంట్లో ఎంత ఇచ్చేవాడు, భూమికి కట్టిన పన్ను విలువ ఎంత, పాలిచ్చే ఆవులు ఎన్ని, తక్కిన పిల్లలు ఏం సంపాదిస్తున్నారు అని ఫారం అడుగుతుంది. ఊరి గార్డా (ఐరిష్ పోలీసు) సార్జెంటు స్వయంగా ఇంటికి వెళ్లి చూసి రాసిన నివేదికలో నాలుగు ఆవులు, ఒక గాడిద, మంచం పట్టిన భర్త ఒకే వాక్యంలో ఉన్నారు. ఆ అబ్బాయి జీతమంతా తల్లి చేతికే ఇచ్చేవాడని చర్చి ఫాదర్ రాసిన ఉత్తరం కూడా ఉంది. అయినా, భూమి ఉంది గనుక పాక్షికమేనని నిర్ణయించి 50 పౌండ్లు మంజూరు చేశారు. ఆ నిర్ణయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అంటే ప్రభుత్వం ఏమీ ఇవ్వలేదన్న మాట నిజం కాదు. ఆ సంగతి అత్తగారికి చెప్పే ముందు మరో చిక్కుముడి విప్పవలసి వచ్చింది. 1911 జనాభా లెక్కల పత్రాన్ని తీసి చూస్తే, ఆ తల్లికి చదవను రాయను రాదని అందులో స్పష్టంగా ఉంది. దరఖాస్తు ఫారం మీద కూడా ఆమె సంతకం చోట ఇంటూ గుర్తు, పక్కన సాక్షి సంతకం ఉన్నాయి. కానీ 1924 నుంచి ఆమె పేరున కార్యాలయానికి వెళ్లిన తొమ్మిది ఉత్తరాలూ ఒకే చేతిరాతలో ఉన్నాయి. మొదటి ఉత్తరంలోని అక్షరాలు బడిపిల్లల కాపీరాతలా గుండ్రంగా, ఒత్తి రాసినట్టు ఉన్నాయి. భర్త పోయాక, 1930ల్లో చట్టాన్ని సవరించిన తరువాత, మళ్లీ సాయం అడుగుతూ పంపిన ఉత్తరంలో అదే రాత ముదిరి, వాలుగా, వేగంగా సాగింది.

అన్నిటినీ అచ్చు తీసి ఒక ఆదివారం అత్తగారి ముందు పెట్టాను. ఆవిడ 50 పౌండ్ల సంగతి విని తల ఊపారే తప్ప ఏమీ అనలేదు. ఉత్తరాలు చూడగానే మాత్రం లేచి లోపలికి వెళ్లి, లండన్‌లో నర్సు శిక్షణకు వెళ్లిన రోజుల్లో తన తండ్రి తనకు రాసిన ఉత్తరం ఒకటి తెచ్చి వాటి పక్కన ఉంచారు. రెండు రాతలూ ఒకటే. 1911 పత్రంలో కొన్ని నెలల పసివాడిగా నమోదైన ఆ చిన్న తమ్ముడే, అంటే అత్తగారి తండ్రే, పదమూడేళ్ల వయసులో, అన్న ఇంటికి వారానికి ఎంత తెచ్చేవాడో షిల్లింగులతో సహా లెక్కగట్టి అమ్మ తరఫున రాశాడు. తల్లికి ఏమీ ముట్టలేదని తన పిల్లలకు జీవితాంతం చెప్పిందీ ఆయనే. నాన్న అబద్ధమాడే మనిషి కాదని, ఆ డబ్బును అన్నకు కట్టిన వెలగా ఒప్పుకోలేక అలా చెప్పి ఉంటారని అత్తగారు చాలాసేపటికి అన్నారు.

కాగితాలన్నీ మళ్లీ కవరులో పెట్టి నాకిస్తూ, 1924 నాటి మొదటి ఉత్తరాన్ని మాత్రం ఆవిడ తన దగ్గరే ఉంచుకున్నారు.