ఏ పాపం చేశావని అడిగారు

2025 జనవరిలో పుణెలో కేసులు ఎక్కువై పేపర్లలో వచ్చేదాకా గులియన్ బారే సిండ్రోమ్ పేరు చాలామంది విని ఉండరు. జీబీఎస్ అంటారు. నాకు అంతకుముందే వచ్చింది. మొదట విరేచనాలు. అవి తగ్గాయని ఊపిరి పీల్చుకునేలోపు అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. మెట్టుగూడలో మా ఇంటి మెట్లు దిగబోతే మోకాళ్లు నిలవలేదు. ఆ తర్వాత నడుము, చేతులు. నరాల పరీక్ష, వెన్నులోంచి నీరు తీసే పరీక్ష అయ్యాక డాక్టరుగారు మా ఆయనకు విడమరిచి చెప్పారు. క్రిములతో పోరాడాల్సిన రోగనిరోధక శక్తి దారి తప్పి మన నరాల మీదే పడుతుందట. ఊపిరి కండరాల దాకా పాకితే వెంటిలేటర్ పెట్టాలి. దేవుని దయవల్ల నాకు అంతదాకా రాలేదు.

ఐసీయూ నుంచి వార్డుకు మార్చాక మా చర్చి సంఘంలో ఒక పెద్దాయన ప్రార్థన చేయడానికి వచ్చారు. ప్రార్థన అయ్యాక మంచం పక్కన నిలబడి, "అమ్మా, దాచిన పాపం ఏదైనా ఉంటే ఒప్పేసుకో. ఊరికే ఇలాంటివి రావు" అన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ చెంప మీద ఈగ వాలితే తోలుకోలేని మనిషితో ఆ మాట అనకూడదని ఈరోజుకీ అంటాను.

ఆ రాత్రంతా లెక్కలు వేసుకున్నాను. సంపాదనలో పదోవంతు దేవునికిచ్చే దశమభాగం తప్పలేదు, సండే స్కూల్ మానలేదు, శుక్రవారం ఉపవాసం వదల్లేదు. మరి నాకెందుకు? పక్క మంచం మీద నా జబ్బే ఉన్న ఒక కాలేజీ అమ్మాయి ఉండేది. ఒకరోజు తన కాలి బొటనవేలు కదిలింది. వాళ్లమ్మ ఏడ్చేసింది, నర్సులు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం కడుపు రగిలిపోయింది. ఆ పిల్ల వేలు మళ్లీ ఆగిపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. కాలూ చెయ్యీ కదలని స్థితిలో కూడా ఆ కోరిక నాలో పుట్టగలిగింది. పెద్దాయన వెతకమన్న పాపం ఇలాంటిది కాదు. దీన్ని ఎవరూ పాపాల పట్టీలో రాయరు కూడా.

బైబిల్లో లూకా సువార్త 13వ అధ్యాయంలో సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి ఉంది. వాళ్లు యెరూషలేములో అందరికంటే ఎక్కువ పాపులనుకుంటున్నారా అని యేసు అడిగి, కాదని తానే చెబుతాడు. మనం సాధారణంగా ఆ ఓదార్పు దగ్గరే ఆపేస్తాం. ఆయన ఆపలేదు. మారుమనస్సు పొందకపోతే మీరందరూ అలాగే నశిస్తారన్నాడు. నా జబ్బు నా పాపానికి వేసిన శిక్ష కాదు. అయినా నేను పాపినే, ఆ పెద్దాయనలాగే, అందరిలాగే. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజమని నాకు ఆ మంచం మీదే తెలిసింది. చేయగోరిన మేలు చేయలేక చేయగోరని కీడు చేస్తున్నానని పౌలు రోమీయులకు రాసిన మాట ఎన్నిసార్లు చదివానో. కాపాడాల్సిన శక్తే లోపల్నుంచి కొరుక్కుతింటున్న ఒంటితో చదివితే గాని అది నా గురించేనని అనుకోలేదు.

నాకు ఎక్కించిన మందు ఇమ్యునోగ్లోబ్యులిన్. వేలమంది దాతల రక్తంలోని ప్లాస్మా నుంచి తీస్తారు. ఐదు రోజులు చుక్కచుక్కగా ఎక్కింది. వాళ్లెవరో నాకు తెలియదు, నేను మంచిదాన్నో కాదో వాళ్లకు తెలియదు. నేను చేసింది పడుకోవడమే. తెల్లవారుజామున ఆయమ్మ వచ్చి నన్ను పక్కకు తిప్పి శుభ్రం చేసేది. మొదట్లో సిగ్గుతో కళ్లు గట్టిగా మూసుకునేదాన్ని. "ఏంగాదు తల్లీ, మా అమ్మకు చెయ్యలేదా" అనేది. యేసు తన పాదాలు కడగబోతే ఎన్నడూ కడగకూడదని శిష్యుడు పేతురు ఎందుకు మొండికేశాడో నాకర్థమైంది. ఇచ్చే చేయిగా ఉండటం సులువు. ఏమీ ఇవ్వలేక పుచ్చుకోవడం దగ్గరే ప్రాణం విలవిల్లాడుతుంది. కృప అంటే ఇన్నాళ్లూ నా భక్తికి దేవుడు వేసే మార్కులనే అనుకున్నట్టున్నాను.

ఇంటికి వచ్చాక మా పాస్టర్ అయ్యగారు ప్రభు బల్ల, అంటే ప్రభువు జ్ఞాపకంగా తీసుకునే రొట్టె, ద్రాక్షారసం తెచ్చారు. చేయి చాపబోతే లేవలేదు. ఆయనే రొట్టె ముక్క నా నోట్లో పెట్టి, ద్రాక్షారసం స్పూనుతో పట్టారు. కొంచెం గడ్డం మీదుగా కారితే మా ఆయన తుడిచారు. అన్నేళ్లుగా తీసుకుంటున్నాను గానీ అంతగా ఎప్పుడూ ఏడవలేదు.

తర్వాతదంతా ఫిజియోథెరపీ. నెలల తరబడి సాగింది. వాకర్ నుంచి చేతికర్రకు, కర్ర నుంచి గోడకు వచ్చాను. ఇప్పుడు సికింద్రాబాద్‌లో చర్చికి నేనే వెళ్తున్నాను, సాయంత్రానికి పాదాలు మొద్దుబారుతున్నా. అసూయ కూడా పోలేదు. కాకపోతే దాన్ని దాచుకుని దేవుని ముందు మంచిదానిలా నిలబడే శ్రమ తగ్గింది.

మీకెవరికైనా కాళ్ల నుంచి పైకి తిమ్మిరి, బలహీనత పాకుతుంటే ప్రార్థన చేసుకుంటూనే ఆరోజే ఆస్పత్రికి వెళ్లండి. నాకు ఎక్కించిన ఆ ఇమ్యునోగ్లోబ్యులిన్ మొదటి రెండు వారాల్లో ఇస్తే బాగా పనిచేస్తుంది. మంచం దగ్గరికొచ్చి ఏ పాపం చేశావని ఎవరైనా అడిగితే, లూకా 13లో మొదటి ఐదు వచనాలు వాళ్లనే పైకి చదవమనండి.