80 నుంచి 45 దాకా
మంగళవారం, రాత్రి 9.40

సాయంత్రం బైపాస్ పక్కన టీ బడ్డీ దగ్గర 40 నిమిషాలు నిలబడ్డాను. ఏడాదిన్నర కిందటి ఘటన నుంచి లారీ హారన్ అంటే నాకు భయం, అది తగ్గడానికి కౌన్సెలర్ మేడమ్ ఇచ్చిన హోంవర్క్ ఇది. భయానికి వందకి ఎంతో మార్కులేసుకోవాలి, అది కాస్త దిగేదాకా కదలకూడదు. ఈయన తోడొస్తానన్నారు, వద్దన్నాను. తోడుంటే "ఆయన ఉన్నారు కాబట్టి ఏం కాలేదు" అని మెదడు రాసుకుంటుందట.

మొదటి లారీ హారన్‌కి 80. లారీ అని నాకు తెలిసేలోపే కాళ్లు వెనక్కి జరిగాయి. గ్లాసులో టీ మీద సన్నటి వలయాలు, చెయ్యి అంత వణికింది. ఆలోచించే భాగాన్ని చుట్టిరాకుండా శబ్దం అడ్డదారిలో అమిగ్డలాకి, అంటే మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే భాగానికి, చేరగలదని జోసెఫ్ లెడూ అనే మెదడు శాస్త్రవేత్త ఎలుకల్లో చూపించాడట. నా కాళ్లకి ఆ దారి బాగా తెలుసు.

ఏడాదిన్నరగా అందరిదీ ఒకటే మాట: "మర్చిపోవే." మర్చిపోలేకపోవడం నా తప్పే అనుకున్నాను. పోయిన నెల నాలుగు రోజులు బాగుండి మళ్లీ మొదటికొస్తే, స్నానాల గదిలో కూర్చుని ఏడ్చాను. పాత భయం చెరిగిపోదని మేడమ్ చెప్పాక గుండె తేలికైంది. "హారన్ మోగింది, ఏమీ కాలేదు" అనే కొత్త పాఠం దాని పక్కన తయారవుతుంది, అంతే. పావ్లోవ్ అనే శాస్త్రవేత్త కుక్కలు సంకేతం వస్తే తిండి వస్తుందని నేర్చుకున్నాయి; సంకేతం ఇచ్చి తిండి పెట్టడం మానేస్తే వాటికి లాలాజలం ఆగేది. కొంత విరామం తర్వాత అదే సంకేతానికి మళ్లీ ఊరేది. పైగా కొత్త పాఠం నేర్చుకున్న చోటికే అతుక్కుంటుందట. అందుకే వచ్చే వారం రైల్వే గేటు దగ్గర.

ఇంకోటి కూడా రాసుకోవాలి. 1996లో స్కాట్ రౌచ్ బృందం, భయంకరమైనవి అనుభవించిన 8 మందికి వాళ్ల కథే వినిపిస్తూ, మెదడులో ఏ భాగం చురుగ్గా ఉందో చూపే పెట్ స్కాన్ తీసింది. మాటని కూర్చే బ్రోకా ప్రాంతంలో చురుకు తగ్గింది. చిన్న పరీక్షే, అయినా చదువుతుంటే ఆ రోజు పోలీస్ స్టేషన్ బల్ల కళ్లముందుకొచ్చింది. "ఏం జరిగిందో చెప్పమ్మా, నోట్లో మాట లేదా?" అని గద్దించారు. నిజంగానే లేదు. ఇప్పుడు ఆ కథే ఫోన్లో రికార్డు చేసి రోజూ వింటున్నాను. మొదటిసారి రెండు నిమిషాలకే గొంతు ఆగిపోయింది, నిన్నటిది పదకొండు నిమిషాలు.

చివరి లారీకి 45. టీ చల్లారిపోయింది, అలాగే తాగేశాను. మార్కులన్నీ వరసగా రాశాను: 80, 75, 75, 60, 45. గురువారం మేడమ్‌కి చూపించాలి.