టెర్రహోట్ ఎవరికి ఓటేస్తే వాళ్ళే ప్రెసిడెంటా?

ఇండియానాలో ఎమ్మెస్ చేసిన రోజుల్లో నేనున్న ఊరు టెర్రహోట్. వబాష్ నది పక్కన, అరవై వేల లోపు జనం. బయటివాళ్ళకి ఆ ఊరు తెలిసేది రెండు విషయాల వల్ల: ఒకటి అక్కడి ఫెడరల్ జైలు, రెండు ఎన్నికల జోస్యం. ఊరున్న వీగో కౌంటీ (మన జిల్లా లాంటిది) ఎవరికి మెజారిటీ ఇస్తే వాళ్ళే వైట్‌హౌస్‌కి వెళ్తారని పేరు. 1888 నుంచి 2016 దాకా జరిగిన 33 అధ్యక్ష ఎన్నికల్లో రెండుసార్లే గురి తప్పింది, 1908లో, 1952లో. అందుకే నాలుగేళ్ళకోసారి టీవీవాళ్ళు కెమెరాలతో దిగిపోయేవారు. టిఫిన్ చేస్తున్న ముసలాయన ముందు మైకు పెట్టి దేశం మూడ్ అడిగేవారు.

2020లో ఆ లెక్క చెదిరింది. కౌంటీ రిపబ్లికన్ ట్రంప్‌కి వేసింది, డెమొక్రాట్ బైడెన్ గెలిచాడు. మా క్లాసులో కొందరు "ఊరు మారిపోయింది" అన్నారు. నాకలా అనిపించలేదు. 2016లో ట్రంప్‌కి భారీ మెజారిటీ ఇచ్చిన కౌంటీయే 2020లోనూ అలాగే ఇచ్చింది. మారింది మిగతా దేశం, ముఖ్యంగా పెద్ద నగరాల శివార్లు.

అసలు ఈ జోస్యంలో అదృష్టం వాటా ఎంతో చూడండి. అమెరికాలో మూడు వేలకు పైగా కౌంటీలున్నాయి. ప్రతి కౌంటీ బొమ్మాబొరుసూ వేసి ఓటేసినా, వరసగా పదిసార్లు గెలిచినవాణ్ణే ఎంచుకునేవి సుమారు మూడు తేలతాయి. 1980 నుంచి 2016 దాకా ఒక్కసారీ తప్పని కౌంటీలు 19 ఉండేవి. 2020లో వాటిలో నిలబడింది వాషింగ్టన్ రాష్ట్రంలోని క్లాలం ఒక్కటే. 2024లో అదీ పోయింది. పాపం, ఆ ఊళ్ళన్నిటికీ అంతకుముందు దివ్యదృష్టి ఉందనే రాశారు.

వీగోది మాత్రం వట్టి అదృష్టం కాదు. బొగ్గు గనులు, రైల్వే, ఫ్యాక్టరీల యూనియన్ ఓట్లు డెమొక్రాట్లవి. చుట్టూ ఉన్న మొక్కజొన్న రైతులవి రిపబ్లికన్ ఓట్లు. మధ్యలో యూనివర్సిటీ. రెండు వైపులా బరువు దాదాపు సమానం కాబట్టి దేశంలో గాలి ఎటు వీస్తే కౌంటీ అటు ఒరిగేది. సోషలిస్టుగా ఐదుసార్లు అధ్యక్ష పదవికి పోటీచేసిన యూజీన్ డెబ్స్‌ది ఈ ఊరే. 1920లో జైల్లోంచే పోటీచేసి తొమ్మిది లక్షలకు పైగా ఓట్లు తెచ్చుకున్నాడు. ఆయన ఇల్లు మా క్యాంపస్‌లోనే, ఇప్పుడు మ్యూజియం. చలికి తట్టుకోలేక లోపలికి దూరిన విద్యార్థుల్లో నేనూ ఒకణ్ణి. ఆయన పేరు అక్కడే మొదటిసారి విన్నాను.

యూనియన్ల బరువు క్రమంగా తగ్గింది. అమెరికాలో మొదటి సీడీ ఫ్యాక్టరీ 1984లో ఇక్కడే తెరిచారు, 2018లో సీడీల తయారీ ఆపేశారు. మా ఇంటి ఓనరు రిటైరైన యూనియన్ మనిషి. డెమొక్రాట్ ఒబామాకి రెండుసార్లు వేశాడు, తర్వాత ట్రంప్‌కి. ఇదెలా కుదిరిందని అడిగితే, "ఇద్దరూ వాషింగ్టన్‌లో పెద్దమనుషులకి గిట్టనివాళ్ళే కదా" అన్నాడు. నాకు ఓటు లేదు కాబట్టి నాతో వాదించే అవసరం ఆయనకి ఉండేది కాదు, నిజమే చెప్పేవాడనుకుంటాను. ఆయన ముంగిట్లో ట్రంప్ బోర్డు పక్కనే కౌంటీ కౌన్సిల్‌కి నిలబడ్డ డెమొక్రాట్ బోర్డు ఉండేది, ఆ అభ్యర్థీ ఈయనా ఒకే చర్చివాళ్ళట. ఇండియానాలో ఒక్క మీట నొక్కితే పార్టీ మొత్తానికి ఓటు పడే సదుపాయం ఉంది. ఈయన మాత్రం ఒక్కో పేరూ చదివి, ఒక్కొక్కటే నొక్కి వచ్చేవాడు.

ఇలాంటివాళ్ళ లెక్క తెలియాలంటే అధ్యక్ష ఎన్నికలు చూస్తే సరిపోదు, మేయర్ ఎన్నికలు చూడాలి. డెమొక్రాట్ల కంచుకోట అనిపించుకున్న సిటీ హాలుని రిపబ్లికన్ డ్యూక్ బెనెట్ నాలుగుసార్లు గెలుచుకున్నాడు. అందులో 2011 నాటి గెలుపు ఉంది. మరుసటి ఏడాదే కౌంటీ అతి స్వల్ప తేడాతో ఒబామాకి వేసింది. 2023లో 27 ఏళ్ళ డెమొక్రాట్ బ్రాండన్ సక్‌బున్ బెనెట్‌ని ఓడించాడు. మరుసటి ఏడాది కౌంటీ మళ్ళీ ట్రంప్‌కే వేసింది. అంటే ఊరికి రంగు వేసి మ్యాప్‌లో చూపించడం మొదలుపెడితే, అది ఎరుపో (రిపబ్లికన్ రంగు) నీలమో (డెమొక్రాట్ రంగు) ఏ ఎన్నిక మ్యాప్ తీశారన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఆ 2023 ఎన్నిక తర్వాత ఓనరుకి ఫోన్ చేశాను. కుర్రాడికే వేశానన్నాడు. పార్టీ చూసి వేశారా అంటే నవ్వాడు. ఆ ఊళ్ళో గూడ్స్ రైళ్ళు రోడ్లకి అడ్డంగా ఆగిపోవడం పెద్ద తలనొప్పి, ఆయన ఆ సంగతే పది నిమిషాలు చెప్పాడు. ఏ పార్టీవాడైనా సరే, తొందరగా బ్రిడ్జిలు కట్టాలన్నాడు.