నాది కాని చలానా

రాత్రి ఏడు దాటింది. విశాఖపట్నంలో ఎన్ఏడీ కొత్తరోడ్డు కూడలి దాటాక బండి పక్కకి తీసి, జేబులో మోగిన ఫోన్ చూశాను. హెల్మెట్ లేకుండా నడిపినందుకు నా బండి నంబరు మీద చలానా పడిందని మెసేజ్. మా పెదనాన్నగారి అబ్బాయి తలకి దెబ్బ తగిలి పోయిన నాటి నుంచి మా ఇంట్లో ఎవరం హెల్మెట్ లేకుండా గేటు దాటం. అందుకే ఆ మెసేజ్ చదివితే కోపం కంటే ముందు బాధ వచ్చింది.

మాది కూర్మన్నపాలెం. పని ద్వారకానగర్‌లో ఒక షాపులో, లెక్కలు రాస్తాను. పొద్దున్నే గాజువాక, షీలానగర్, ఎన్ఏడీ, కంచరపాలెం, తాటిచెట్లపాలెం, గురుద్వారా మీదుగా వెళ్లాలి. ఇటు కొండలు, అటు సముద్రం, పోర్టు. మధ్యలో ఊరు పొడుగ్గా సాగింది. దాని నడుమ నుంచి వెళ్లే హైవే మీదే స్టీల్‌ప్లాంటు బస్సులూ, కాలేజీ బస్సులూ, మనమూ నడవాలి. ఆనందపురం, అనకాపల్లి మధ్య ఆరు వరసల రోడ్డు వచ్చాక దూరం వెళ్లే లారీలకు వేరే దారి దొరికింది. ఆఫీసు వేళ మాత్రం మా రద్దీ మాకు అలాగే ఉంది.

నేను రోజూ దాటే ఒక కూడలి గురించి చెప్పాలి. అక్కడ జామ్ ఎలా మొదలవుతుందో ఇన్నేళ్లూ చూసి చూసి నాకు కంఠతా వచ్చేసింది. సిగ్నల్ దాటగానే ఫ్రీ లెఫ్ట్, అంటే లైటు కోసం ఆగకుండా ఎడమకి తిరిగే దారి, దాని నోట్లో షేర్ ఆటోలు ఆగుతాయి. దిగేవాళ్లు అక్కడే దిగుతారు, ఎక్కేవాళ్లు అక్కడే నిలబడతారు కాబట్టి ఆటోవాళ్లనీ పూర్తిగా తప్పుపట్టలేను. వాటి వెనక వచ్చిన ఆర్టీసీ బస్సుకు పక్కన చోటుండదు, రెండో వరసలో ఆగుతుంది. దాంతో ఎడమకి తిరగాల్సిన వాళ్లంతా నేరుగా వెళ్లే వరసలోకి చొరబడతారు. పచ్చ లైటు పడి ఆరిపోతుంది, పది బండ్లు కూడా కదలవు. ఫ్రీ లెఫ్ట్ దగ్గర ఒక్క మనిషి నిలబడి ఆటోలను పాతిక అడుగులు ముందుకు పంపితే చాలు. ఒకప్పుడు ఒక హోంగార్డు ఆ పని చేసేవాడు. ఎండలో గొడుగైనా లేకుండా, గొంతు పోయేలా అరుస్తూ. ఆయన ఉన్నన్నాళ్లూ నేను ఇంటికి వేళకి చేరాను.

ఇప్పుడు అదే కూడలిలో ఇద్దరు, ఒక్కోసారి ముగ్గురు పోలీసులు, సిగ్నల్ అవతల చెట్టు కింద నిలబడి ఫోన్‌తో నంబరు ప్లేట్లు ఫొటోలు తీస్తుంటారు. తీయొద్దని నేను అనను. హెల్మెట్ లేనివాడికి చలానా పడాల్సిందే. కానీ వాళ్ల వెనకే రోడ్డు బిగుసుకుపోయి, అంబులెన్సు కూత పెడుతుంటే అటు ఎవరూ తిరిగి చూడకపోతే కడుపు మండుతుంది.

ఇంటికెళ్లి చలానా వివరాలు తెరిచాను. ఫొటోలో ఉన్నది బూడిద రంగు స్కూటర్. నాది నల్ల మోటారు సైకిల్. దాని ప్లేటు మీద ఉన్నది 3, బురద అంటుకుని 8లా కనిపించింది. సమయం ఉదయం 11:40. అప్పుడు నేను షాపులోనే ఉన్నాను.

మర్నాడు ఆర్‌సీ నకలు, నా బండి ఫొటోలు, చలానా ప్రింటు పట్టుకుని, సగం రోజు సెలవు పెట్టి స్టేషన్‌కి వెళ్లాను. "ఇక్కడ కాదండీ, చలానాలు చూసే ఆఫీసుకెళ్లండి" అన్నారు. అక్కడ గుమస్తా ఫొటో పెద్దది చేసి చూసి, "నిజమేనండీ, మీది కాదు" అని వెంటనే ఒప్పుకున్నాడు. అయితే తీసేసే అధికారం తనకి లేదట. సారు లాగిన్ అవ్వాలి. సారు బీచ్ రోడ్డు బందోబస్తుకి వెళ్లారు.

బయట టీ కొట్టు దగ్గర ఒకాయన, "ఎందుకు బాబూ ఈ తిరుగుడు, కట్టేయరాదా? లేదా లోక్ అదాలత్ దాకా ఆగితే తగ్గుతుంది" అన్నాడు. ఆయన మంచికే చెప్పాడు. కానీ 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో హెల్మెట్ లేకపోతే 1000 రూపాయల జరిమానాతో పాటు 3 నెలలు లైసెన్సుపై వేటు వేసే వీలు కూడా ఉంది. డబ్బు కడితే తప్పు నేనే చేశానని ఒప్పుకున్నట్టే. చేయని తప్పుకి రాయితీ అడగడం నాకు నచ్చలేదు.

రెండోసారి వెళ్తే అర్జీ రాసిమ్మన్నారు. రాశాను. అర్జీకి రెండు నకళ్లు పట్టుకెళ్లి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. మొదటిసారే అది చేసి ఉంటే మళ్లీ మొదటి నుంచి కథ చెప్పే పని తప్పేది. మూడోసారి సారు దొరికారు. ఫొటో చూసి, ఆర్‌సీ చూసి, రెండు నిమిషాల్లో తీసేశారు. "పొరపాటైందండీ, ఏమీ అనుకోకండి" అని కూడా అన్నారు. తొమ్మిది రోజులు పట్టి, రెండు సగం రోజుల జీతం పోయినా, ఆ మాటకి మనసు కొంత తేలికైంది.

లేవబోతూ ఇంకో కాగితం ఆయన ముందు పెట్టాను. ముందు రాత్రి కూర్చుని రాసుకున్నది. ఆ కూడలిలో సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా, ఫొటోలు తీసేవాళ్లలో ఒక్కరిని ఫ్రీ లెఫ్ట్ దగ్గర నిలబెట్టమని, ఆటోలకి పాతిక అడుగుల అవతల గీత గీసి చోటు చూపించమని. కింద బొమ్మ కూడా గీశాను. ఆయన ఆ బొమ్మను కాసేపు చూసి, "చూద్దాం" అన్నారు. దాని మీదా ముద్ర వేయించుకున్నాను.

ఇది జరిగి మూడు వారాలైంది. నిన్న సాయంత్రం కూడా ఫ్రీ లెఫ్ట్ దగ్గర ఎవరూ లేరు. సోమవారం నకలు పట్టుకుని మళ్లీ వెళ్తున్నాను.