వంకర తిరిగిన సంతకం

2015 జులైలో గోదావరి పుష్కరాలు వచ్చినప్పుడు నేను వరుసగా ఆరు రాత్రులు నిద్రపోలేదు. ఆ పన్నెండు రోజులూ కోనసీమలో ఎవరికీ సరైన నిద్ర లేదు కనుక నా మెలకువ ఎవరికీ వింతగా తోచలేదు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే మాస్టారు తెల్లవారుజామున మూడు గంటలకు రేవులో నిలబడి ఆశువుగా సీసపద్యాలు చదువుతుంటే, యాత్రికులు చుట్టూ చేరి దండాలు పెట్టారే తప్ప, ఈయనకు ఒంట్లో బాగులేదేమోనని ఒక్కరికీ అనుమానం రాలేదు. నాకూ రాలేదు. వచ్చినవారందరికీ అన్నం పెట్టాలన్న పట్టుదలతో ఒక రైసు మిల్లు నుంచి నలభై బస్తాల బియ్యం అప్పు మీద తెప్పించాను. మా ఆవిడ మాత్రం రోజూ వెంటబడి, "ఏమండీ, ఒక్క గంట పడుకోండి, మీ కళ్ళు చూస్తే నాకు భయమేస్తోంది" అనేది. ఎనిమిదో రోజున, గోదావరి నాకు దారి ఇస్తుందని చెప్పి, కట్టుపంచెతోనే పీకల్లోతు నీళ్ళలోకి నడిచాను. రేవులో కాపలా ఉంచిన గజ ఈతగాళ్ళు ఇద్దరు నన్ను బయటికి లాగారు. వారిలో ఒకరి చెయ్యి కొరికానట. ఆ సంగతి నాకు గుర్తు లేదు, వాళ్ళు చెబితే తెలిసింది.

మా బావమరిది నన్ను విశాఖపట్నం తీసుకువెళ్ళాడు. మా వైపు పాతకాలపు వారికి వాల్తేరు అంటే సముద్రం గుర్తు రాదు, మానసిక వైద్యశాల గుర్తు వస్తుంది. అందుకని ఇంట్లో వాళ్ళు చుట్టాలందరికీ నాకు పచ్చకామెర్లని చెప్పారు. అక్కడ 23 రోజులు ఉన్నాను. జబ్బు పేరు బైపోలార్ డిజార్డర్ అన్నారు. ఉద్రేకం దిగిన తరువాత అంతకు రెట్టింపు లోతున కుంగుబాటు వచ్చింది. ఆ ఏడు దసరా నుంచి సంక్రాంతి దాకా గోడవైపు తిరిగి పడుకున్నాను. పెరుగన్నం ముద్దలు చేసి నోటికి అందించవలసి వచ్చేది. ఛందస్సు చెప్పిన నాకు నా పిల్లల పేర్లు పిలవడానికి గొంతు పెగలలేదు. బియ్యం బాకీ కోసం మా ఆవిడ కాసులపేరు తాకట్టుకు వెళ్ళింది.

నన్ను మళ్ళీ బడికి పంపింది లిథియం. అది ఒక లవణం. మన మూత్రపిండాలకు దానికీ మామూలు ఉప్పుకూ పెద్దగా తేడా తెలియదు. ఒంట్లో ఉప్పూ నీరూ తగ్గితే సోడియాన్ని నిలుపుకున్నట్టే దీనినీ నిలుపుకుంటాయి. రక్తంలో దాని మోతాదు లీటరుకు 0.6కూ 1.0 మిల్లీమోల్‌కూ మధ్య ఉన్నంతకాలం అది మందు. 1.5 దాటిందంటే అదే విషం కావడం మొదలవుతుంది. అందుకే మూడు నెలలకో ఆరు నెలలకో రక్తపరీక్ష చేయించాలి, దానితోపాటు థైరాయిడ్, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా చూడాలి. ఈ ఒక్క సంగతి చుట్టూ తరువాతి కథంతా తిరిగింది కనుక ఇంత వివరంగా చెబుతున్నాను.

2016 నుంచి ప్రతి నెలా గురువారం నాడు పట్టణంలోని ఒక ప్రభుత్వాసుపత్రికి వెళ్ళేవాడిని. మానసిక వైద్యుడు ఒక్కరే. ఓపీ చీటీ కోసం ఏడు గంటలకే వరుసలో నిలబడితే పదకొండుకు పిలుపు వచ్చేది. వసారాలో ఎనభై, తొంభై మంది ఉండేవారు. ఆయన నాకు ఇచ్చే నాలుగు నిమిషాలలో ఒక నిమిషం, చీటీ వెనుక నా చేత ఒక పద్యపాదం రాయించడానికి పోయేది. "మాస్టారూ, మీ దస్తూరీ నాకు సగం పరీక్ష" అనేవారు. ఉద్రేకం మొదలైతే నా అక్షరాలు గీత దాటి పెద్దవవుతాయి, కుంగితే చీమల్లా కుదించుకుపోతాయి. లిథియం వల్ల వేళ్ళలో వచ్చే సన్నని వణుకు మామూలేననీ, ముతక వణుకు వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడదనీ ఆయనే చెప్పారు. అయిదేళ్ళు అలా గడిచింది.

2021లో ఆయనకు బదిలీ అయింది. ఆ కుర్చీ ఎనిమిది నెలలు ఖాళీగా ఉంది. మందుల కౌంటరులోని ఫార్మసిస్టు పాత చీటీ చూసి అదే మందు అదే మోతాదులో ఇచ్చి పంపేవాడు. అతనిని తప్పు పట్టను, అతను కూడా లేకపోతే మాలో సగం మంది మందులు మానేసేవారు. ఆ సమయంలోనే, 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. అమలాపురం కేంద్రంగా కోనసీమ వేరే జిల్లా అయింది, కాకినాడ మరో జిల్లాకు వెళ్ళిపోయింది. కలెక్టరు కార్యాలయానికి భవనం దొరికినంత తేలికగా మానసిక వైద్యుడు దొరకడు. జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 2015-16లో 12 రాష్ట్రాలలో జరిగింది. మన రాష్ట్రం ఆ జాబితాలో లేదు. అయినా ఆ లెక్కలు మాకూ వర్తిస్తాయనే అనుకుంటాను. జబ్బును బట్టి, వైద్యం అవసరమైనవారిలో 70 నుంచి 92 శాతం మందికి అది అందడం లేదని అందులో తేలింది. దేశం మొత్తం మీద లక్ష మందికి ఒక్క మానసిక వైద్యుడు కూడా లేడు.

2023లో కొత్త ఏర్పాటు వచ్చింది. మరొక చోట పనిచేసే వైద్యుడు నెలకు రెండు రోజులు పట్టణానికి వస్తాడు. కొత్తగా జబ్బు పడినవారిని, ముదిరినవారిని ఆయన చూస్తాడు. కుదుటపడినవారందరినీ ఎవరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వారిని పంపుతారు. అక్కడి మెడికల్ ఆఫీసరు మందులు కొనసాగిస్తాడు, స్టాఫ్ నర్సు రిజిస్టరులో రాస్తుంది, సందేహం వస్తే పై వైద్యుడికి ఫోను చేస్తారు. ఆరు నెలలకు ఒకసారి ఆయన దర్శనం. కాగితం మీద ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం పుట్టినప్పటి నుంచీ ఉన్న ఆలోచనే. ఆ దశకంలోనే బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వారు బళ్ళారి జిల్లాలో దీనిని ఆచరణలో పెట్టి చూశారు, ఆ నమూనా మీదనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. మనిషి కొరత ఉన్నప్పుడు పని కిందికి పంచడం తప్ప వేరే దారి లేదని నేనూ ఒప్పుకుంటాను.

కానీ ఆ రోజు మాత్రం ఒప్పుకోలేదు. కుదుటపడినవారి జాబితాలో నా పేరు చూసి నాకు ఒళ్ళు మండింది. ఎనిమిదేళ్ళు క్రమం తప్పకుండా మందు మింగి, ఉప్పు తగ్గించకుండా, నిద్ర చెడకుండా కాపాడుకొని వచ్చినందుకు నాకు దక్కిన బహుమానం డాక్టరు లేకుండా పోవడమా అనిపించింది. ఆరోగ్య కేంద్రంలో మొదటి రోజున నర్సుతో పెడసరంగా మాట్లాడాను. ఆమె నా కంటే ఇరవై ఏళ్ళు చిన్నది. కాన్పులు, టీకాలు, జ్వరాల ఓపీ అన్నీ ఆమె మీదనే ఉన్నాయి, మా రిజిస్టరు వాటిపై అదనం. "ఆయ్, మీకు కోపం రావడం న్యాయమేనండి మాస్టారండీ, అయినా ఇక్కడ సంతకం పెట్టండి" అంది. పెట్టాను.

పని పంచినవారు ఒక చిన్న విషయం మరిచిపోయారు. డాక్టరు పనిని కిందికి పంపారు కానీ ల్యాబు పని పంపలేదు. ఆరోగ్య కేంద్రంలో చక్కెర, హిమోగ్లోబిన్ చూస్తారు, లిథియం మోతాదు చూసే యంత్రం లేదు. పట్టణంలోని ప్రైవేటు ల్యాబువారు కూడా నమూనాను హైదరాబాదు పంపవలసిందే. మందు సంగతి ఇంకా విచిత్రం. లిథియం జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నదే అయినా మా కేంద్రానికి ఇండెంటులో రాలేదు. ఆ నర్సు పై ఆసుపత్రి ఫార్మసిస్టును బతిమాలి తెప్పించేది. నేను తరువాత 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చదివాను. అత్యవసర జాబితాలోని మందులు ఉచితంగా అన్ని వేళలా అందుబాటులో ఉండాలని 18వ సెక్షనులో ఉంది, అయితే అది సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని పై ఆసుపత్రులకు. మమ్మల్ని పంపింది దాని కింది మెట్టుకు. చట్టం ఆగిన చోట నుంచి మా నడక మొదలైందన్నమాట. రక్తపరీక్ష విషయంలో ఎవరినీ అడగకుండా నేనూ బద్ధకించాను. పధ్నాలుగు నెలలు చేయించుకోలేదు.

2024 మే నెల. గోదావరి జిల్లాల ఎండ సంగతి తెలిసినవారికి చెప్పనక్కరలేదు. గాలిలో తడి వల్ల చెమట ఆరదు, కారుతూనే ఉంటుంది. మేనకోడలి పెళ్ళికి నరసాపురం వెళ్ళాలని సఖినేటిపల్లి రేవులో పంటు కోసం గంటసేపు నిలబడ్డాను. పెళ్ళిలో మూడు రోజులు తిరుగుళ్ళు, వంట దగ్గర నిలబడడాలు. మోకాలు వాచింది. ఇంటికి వచ్చాక మా ఊరి ఆర్‌ఎంపీ ఒక సూది వేసి అయిదు రోజులకు మాత్రలు ఇచ్చాడు. నొప్పి చేత్తో తీసినట్టు పోయింది. అతను ఇచ్చింది డైక్లోఫెనాక్. ఈ రకం నొప్పి మందులు మూత్రపిండాల నుంచి లిథియం బయటికి పోకుండా అడ్డుపడతాయని అతనికి తెలియదు. నాకు ఒకప్పుడు చెప్పారు, నేను మరిచాను. నాలుగో రోజు నుంచి విరేచనాలు పట్టుకున్నాయి. పెళ్ళి భోజనం అనుకున్నాం.

ఆరో రోజు మందుల కోసం ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాను. నాలుక మందంగా ఉంది, మెట్లు ఎక్కుతుంటే కాలు ఒక పక్కకు పోతోంది, ఎండ దెబ్బ అనుకున్నాను. నర్సు రిజిస్టరు ముందుకు తోసింది. సంతకం పెట్టాను. ఆమె మాత్రల కవరు అందివ్వబోయి ఆగి, రిజిస్టరును తన వైపు తిప్పుకొని చూసింది. పై గడులలో పన్నెండు నెలల నా సంతకాలు ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నాయి. చివరి గడిలో పేరులోని మొదటి అక్షరం తలకట్టు రంపపు పళ్ళలా ఉంది, సున్నా మూతపడలేదు, ఒత్తు కిందికి జారి పక్కవారి గడిలోకి పోయింది. "ఇది మీ సంతకం కాదండి" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. రెండు చేతులూ చాచమంది. అవి ఈదురుగాలిలో కొబ్బరిమట్టల్లా కొట్టుకున్నాయి. కవరు వెనక్కి తీసుకొని సొరుగులో పెట్టేసింది.

పై వైద్యుడికి ఫోను కలవడానికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. ఆయన ఆ రోజు వేరే ఆసుపత్రిలో ఓపీలో ఉన్నారు. రక్తపరీక్ష ఫలితం కోసం ఆగవద్దనీ, లిథియం, నొప్పి మాత్రలు రెండూ ఆ క్షణం నుంచే మానాలనీ, వెంటనే సెలైను ఎక్కించే చోటికి చేర్చాలనీ చెప్పారు. 108లో పట్టణానికి తీసుకువెళ్ళారు. నాలుగు రోజులు సెలైన్లు ఎక్కాయి. మొదటి రోజు తీసిన నమూనా ఫలితం రెండు రోజుల తరువాత వచ్చింది: 1.9. క్రియాటినిన్ 1.7 నుంచి నాలుగో రోజుకు 1.1కు దిగింది. మూత్రపిండాలకు శాశ్వత హాని జరగలేదు. మూడు వారాల తరువాత తక్కువ మోతాదుతో లిథియం మళ్ళీ మొదలుపెట్టారు. ఆ మూడు వారాలలో ఒక రాత్రి నాకు నిద్ర పట్టకపోతే మా ఆవిడ పుష్కరాలను తలుచుకొని హడలిపోయి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ-మానస్ నంబరు 14416కు ఫోను చేసింది. అవతలివారు తెలుగులోనే ఓపికగా విని, ఉదయమే ఆసుపత్రికి తీసుకువెళ్ళమని చెప్పి, మరునాడు మళ్ళీ వారే చేసి అడిగారు.

ఈ ఏర్పాటు మంచిదా చెడ్డదా అని నన్ను చాలామంది అడుగుతున్నారు. నన్ను ముంచబోయింది ఆ ఏర్పాటే, గట్టున వేసింది కూడా అందులోని మనిషే. డాక్టరు దగ్గరే ఉండి ఉంటే పరీక్ష ఎప్పుడో చేయించి ఉండేవారు. అయితే తొంభై మందిని చూసే గదిలో నా కాలు తూలడం ఎవరైనా గమనించేవారా అంటే, అదీ చెప్పలేను. జూన్‌లో నా ఆరు నెలల వంతు వచ్చి పట్టణానికి వెళ్ళినప్పుడు, వసారాలో ఒక లంక గ్రామం నుంచి వచ్చిన తల్లి, ఆమె కొడుకు నా పక్కన కూర్చున్నారు. పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు, ఎవరో తనను వింటున్నారని చెవుల్లో దూది కుక్కుకున్నాడు. రెండేళ్ళు నాటువైద్యుల చుట్టూ తిరిగి, వైద్యుడు నెలకు రెండు రోజులు వస్తున్నాడని ఆశా కార్యకర్త చెబితే పడవ దాటి వచ్చారట. డాక్టరు అతనితో నలభై నిమిషాలు కూర్చున్నారు. నేను బయట గడియారం చూస్తూనే ఉన్నాను. నాలాంటి పదిమందిని కింది కేంద్రాలకు పంపగా మిగిలిన సమయం అది. అప్పటి నుంచి జాబితా మీద నా కోపం చాలావరకు తగ్గింది. ల్యాబు మీద మాత్రం తగ్గలేదు.

నా మందుల పుస్తకం అట్ట మీద నర్సు ఎర్రసిరాతో "డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వద్దు, నొప్పికి పారాసెటమాల్" అని రాసింది. ఆమె రాత బాగుండదు, అందుకని అదే మాటను నా దస్తూరీలో తిరగరాసి, జిరాక్సులు తీయించి మా చుట్టుపక్కల ఆర్‌ఎంపీలు ఏడుగురికీ ఇచ్చాను. ఒకాయన చిన్నబుచ్చుకున్నాడు, ఆరుగురు గోడకు అంటించారు. కిందటి సంవత్సరం బదిలీలలో ఆమె వెళ్ళిపోయింది. వెళ్ళేముందు కొత్తగా వచ్చిన అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకొని, రిజిస్టరులో లిథియం వాడే ముగ్గురి పేర్ల కింద గీతలు గీసి, ఎవరి సంతకం ఎలా ఉంటుందో చూపించిందట.

మూడు నెలలకు ఒకసారి ఇప్పుడు నా రక్తం హైదరాబాదు వెళుతోంది. చివరి మాత్రకూ సూదికీ మధ్య 12 గంటలు ఉండాలి. ముందురోజు రాత్రి తొమ్మిదికి మాత్ర వేసుకుంటే పొద్దున్న తొమ్మిదికల్లా కేంద్రంలో ఉండాలి. తొమ్మిదింబావుకు పట్టణం వెళ్ళే బస్సు మా కేంద్రం ఎదురుగానే ఆగుతుంది, కండక్టరు చేతికి నమూనా పెట్టె ఇస్తారు. ఈసారి వంతు వచ్చే గురువారం.