పైన్ చెక్క మీద జెర్రి గీతలు

విదేశాల నుంచి శ్రీసిటీ ఫ్యాక్టరీలకు సామాను మోసుకొచ్చిన ప్యాలెట్లు, పెద్ద పెట్టెలు చేతులు మారి తిరుపతిలో మాలాంటి వడ్రంగుల దగ్గరికి చేరతాయి. ఎక్కువగా పైన్, స్ప్రూస్ చెక్కలే. టేకుతో పోలిస్తే చవక, చిత్రిక పట్టడం తేలిక. షాపుల ర్యాకులు, పుస్తకాల అరలు వాటితోనే చేస్తాను.

కస్టమర్లకు ఒకటే టెన్షన్. "ఏందన్నా, పుచ్చు పట్టిన చెక్క ఇస్తున్నావా?"

పలక అంచున కాస్త బెరడు మిగిలి ఉంటే ఉలితో లేపి చూపిస్తాను. కింద ఒక్కోసారి జెర్రి అచ్చు వేసినట్టు గీతలుంటాయి. అది బెరడు పురుగు పని. యూరప్‌లో స్ప్రూస్ అడవుల్ని ఎండబెడుతున్న ఇప్స్ టైపోగ్రాఫస్ అనే బెరడు పురుగు గీత ఇలాంటిదే. మగది బెరడుకు కన్నం పెట్టి లోపల చిన్న గది తొలుస్తుంది. ఆడవి అక్కడి నుంచి మాను పొడవునా పైకీ కిందికీ తొలుచుకుంటూ, బాటకు అటూ ఇటూ గుడ్లు పెడతాయి. తల్లి బాట ఆ కొస నుంచి ఈ కొసదాకా ఒకే వెడల్పు. పిల్లల బాటలు అడ్డంగా, సన్నగా మొదలై, పురుగు ఎదిగేకొద్దీ లావవుతాయి. అలా కాకుండా నడి గది నుంచి నక్షత్రంలా బాటలు చీలితే పిటియోజెనీస్ అనే ఇంకా చిన్న రకాన్ని అనుమానించాలి.

పురుగే చేతికొస్తే లెన్సు చాలు. ఇప్స్ నాలుగైదు మిల్లీమీటర్లుంటుంది, వెనక కొసన గుంట, దానికి ఒక్కో పక్క నాలుగు ముళ్లు. నాకు మాత్రం గీతలే దొరుకుతాయి, పురుగు ఎప్పుడో పోయుంటుంది.

చెక్కలో నీలం చారలు కూడా ఈ పురుగు మోసుకొచ్చే బూజు వల్ల రావచ్చు. తడి దుంగలకు పురుగు లేకుండానే బూజు పడుతుంది కాబట్టి నీలం ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. ర్యాకు బలానికి దాంతో పెద్ద నష్టం లేదు. పాలిష్ కొడితే నాకైతే అందంగానే ఉంటుంది.

బెరడు పురుగుకు పచ్చి బెరడు కావాలి. ఎండిన, బెరడు తీసిన పలకలో అది బతకదు. పైగా ప్యాలెట్ మీద గోధుమ కంకి ముద్ర పక్కన హెచ్‌టీ అని ఉంటే, చెక్క నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలిందని అర్థం. ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టినది. అది ఇంటి సామానుకు నేను కొనను.

ర్యాకు కింద రోజూ మెత్తటి పిండి రాలుతోందంటే మాత్రం ముందు పక్కనున్న రబ్బరు చెక్క మంచం కోళ్లు చూడమంటాను. ఆ పిండి రాల్చే పురుగు పైన్ జోలికి పోదు.