మూడోసారీ కూలిన గుమ్మటం

నిన్న రాత్రి పదకొండింటికి గుమ్మటం మళ్ళీ కుంగింది. ఇది మూడోసారి. ఇస్తాంబుల్ హాగియా సోఫియా (మొదట చర్చిగా కట్టింది, ఇప్పుడు మసీదు) మోడల్‌లో గోడలైపోయాయి, అగరబత్తి గొట్టాలతో నాలుగు మినార్లూ అయిపోయాయి, ఇదొక్కటే ప్రాణం తీస్తోంది.

స్కేలు 1:200. అసలు గుమ్మటం అడ్డకొలత సుమారు 31 మీటర్లు, అంటే నాకు 15.5 సెం.మీ. అంచు చుట్టూ 40 కిటికీలు. చుట్టుకొలత 48.7 సెం.మీ.ని 40తో భాగిస్తే ఒక్కోదానికి 12 మి.మీ. చిల్లర వస్తుంది, అందులో సగం కన్నం, సగం కాగితం. ఆ 6 మి.మీ. పట్టీలే పైబరువంతా మోయాలి.

మొదటిసారి మూకుడు బోర్లించి, పేపరు ముక్కలు మైదా జిగురుతో ఆరు పొరలు అంటించా. రెండు రోజులు ఆరాక కిటికీలు కోస్తే గంటలో పట్టీలు బయటికి వంగాయి, సాయంత్రానికి అంచు 16.1 సెం.మీ.కి విచ్చుకుని నడినెత్తి 9 మి.మీ. దిగింది. గుంటూరులో నాలుగు రోజులుగా ముసురు, మైదా తేమ పీల్చిందేమో అనుకున్నా. రెండోసారి ఫెవికాల్ (కాగితం పనికి దాన్ని మించింది లేదు, నన్నడిగితే), ఎనిమిది పొరలు. వారం నిలిచింది, అంతే. ఈసారి అంచుకి రాగి తీగ రెండు చుట్లు బిగించా. తీగ కదల్లేదు, దాని పైన కాగితమే మడతపడింది.

అంటే తప్పు జిగురుది కాదు, ఆకారానిది. నేను పట్టుబట్టి చేస్తున్నది 537 నాటి తొలి గుమ్మటం. దానికి ఎత్తు తక్కువ, ఎత్తు తగ్గేకొద్దీ బరువు పక్కలకి తన్నుతుంది. అసలుదీ భూకంపాల దెబ్బకి 558లో కూలిపోతే, మళ్ళీ కట్టేటప్పుడు దాదాపు 6 మీటర్లు ఎత్తు పెంచారు. నా లెక్కలో 3 సెం.మీ. దాన్ని కట్టించిన జస్టీనియన్ చక్రవర్తి మనుషులే వదిలేసిన ఆకారాన్ని నేను న్యూస్‌పేపర్‌తో నిలబెడతానా!

ఆదివారం లోతైన గిన్నె మీద మొదలుపెడతా. "నీ గుమ్మటం గోల సరే, ముందు నా మూకుడు ఇటివ్వరా" అని అమ్మ ఎలాగూ సతాయిస్తోంది.

మినార్లు మాత్రం అంటించను, పీకేసేలా అడుగున అయస్కాంతాలు పెడతా. 1453లో మసీదయ్యాకే కదా అవి లేచింది. 1935లో మ్యూజియం, 2020లో మళ్ళీ మసీదు. బయటినుంచి చూస్తే ఆ రెంటికీ పెద్ద తేడా తెలీదు, మారేది నేలే. అందుకని నేలని సొరుగులా లాగేలా చేసి రెండు పలకలు మార్చాలని ఉంది: ఒకదాని మీద పాలరాయి ప్రింటు, ఇంకోదాని మీద ఆకుపచ్చ తివాచీ. బ్రాడీపేట టైలర్ దగ్గర వెల్వెట్ ముక్క అడిగి ఉంచా. మిహ్రాబ్‌ని (నమాజు దిక్కు చూపే గోడగూడు) మాత్రం నడిగీతకి కాస్త దక్షిణంగా తిప్పాలి, మక్కా వైపు చూడాలిగా. అది తిన్నగా అంటించేశానంటే ఇంకో వారం గోల.